వాకబు ఫీజు వసూలు చేయు విధానం

సంగం జాగర్లమూడిలో మేడ మీద రెండు పోర్షన్లు వేసి, గేటుకి టులెట్ బోర్డు కట్టిన ఓనర్లకు ఈ నాలుగు మాటలు. గుంటూరు-తెనాలి లైన్లో మనకో స్టేషనుంది. పక్కనే వడ్లమూడిలో విజ్ఞాన్ యూనివర్సిటీ ఉంది, సంగం డెయిరీ ఉంది. ఇల్లు అడిగేవాళ్ళకు కొదవలేదు. అద్దె, అడ్వాన్సు పోగా మూడో పద్దు రాసే తెలివే మనకింకా రాలేదు.

ఆ పద్దు పేరు వాకబు ఫీజు. వచ్చినవాడు ఎలాంటివాడో కనుక్కోవాలి, దానికయ్యే ఖర్చు వాడే పెట్టుకోవాలి. అయిదొందలు అనకండి, నాలుగొందల తొంభై అనండి. ఎక్కడో కూర్చుని లెక్క కట్టినట్టుంటుంది.

ఏం ఖర్చండీ అని అడిగే ఘటాలుంటారు. పాత ఓనరుకి ఫోన్ చెయ్యాలని చెప్పండి. చెయ్యక్కర్లేదు, చేసినా లాభం లేదు. అద్దె ఎగ్గొట్టేవాడి గురించి అడిగితే, ఎలాగైనా వదిలించుకోవాలని "బంగారం లాంటి కుర్రాడండీ" అంటాడు. ఒకటో తారీఖున అద్దె చేతిలో పెట్టేవాడి గురించైతే నసుగుతాడు. పోలీస్ స్టేషన్లో వివరాలివ్వాలన్న మాట కూడా గట్టిగా అనండి. వెళ్ళడం మీ ఇష్టం. ఆధార్ జిరాక్సు మాత్రం వదలొద్దు. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తెచ్చినవాణ్ణి అక్కడే అనుమానించండి. అంత తెలిసినవాడు రేపు రసీదు కూడా అడుగుతాడు.

చట్టమంటారా? 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం నెల అద్దెకు మించి అడ్వాన్సు కూడదనేది. అది మున్సిపాలిటీల కోసం రాసింది, మనది పంచాయతీ. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా చట్టం నివాసానికి రెండు నెలలంది. అది రాష్ట్రాలు తీసుకుంటేనే చెల్లుతుంది, పైగా అది అడ్వాన్సు సంగతి. మనది ఫీజు. అగ్రిమెంటు ఎలాగూ పదకొండు నెలలకే రాస్తారు కదా, పన్నెండో నెల మళ్ళీ వాకబు ఫీజు తీసుకోండి. పదకొండు నెలలు మీ మెట్లే ఎక్కి దిగాడు, నిజమే. మనిషన్నాక మారడా?

ఇక అసలు వాకబు. అది మనం తరతరాలుగా చేస్తున్నదే, ఇన్నాళ్ళూ ఉచితంగా చేశాం, అదే తప్పు. ముందు ఇంటిపేరు అడగండి. తేలకపోతే ఏ ఊరని అడగండి. ఊరు చెప్పాక, "ఊళ్ళో ఏ పక్క ఉంటారు బాబూ?" అనండి. పల్లె వైపా, ఊరి వైపా అన్నది దాంతో తెలిసిపోతుంది. పెద్దవాళ్ళు "మీరేవిట్లు?" అని సూటిగా అడిగేసేవారు. ఈ రోజుల్లో అలా అడిగితే మోటుగా ఉంటుంది, "మీరు నాన్‌వెజ్ తింటారా?" అంటే మర్యాదగా ఉంటుంది. ఆదివారం మీ వంటింట్లోంచి వచ్చే కోడికూర వాసన సంగతి వాడికి అనవసరం. జవాబు నచ్చకపోతే "మా అల్లుడు వాళ్ళు దిగుతున్నారు బాబూ" అనేయండి. కూతురు లేనివాళ్ళు మేనల్లుడు అనుకోవచ్చు. అసలు కారణం మాత్రం నోటితో అనొద్దు. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధానికి 1989లో చేసిన చట్టం ఒకటుంది, అది పంచాయతీలో కూడా పనిచేస్తుంది.

ఫీజు వెనక్కిమ్మంటే, వాకబు జరిగింది కదా బాబూ అనండి. జరిగింది కూడాను.

ఆ కుర్రాడే ఎదురు వాకబు మొదలెడితే? మోటారు ఎన్నిసార్లు వేస్తారు, సబ్‌మీటరు యూనిట్ ఎంత, పోయిన వాళ్ళకి అడ్వాన్సు తిరిగిచ్చారా అని కింద పోర్షన్ వాళ్ళని అడిగితే? అది వాకబు కాదు, పొగరు. అలాంటివాడికి ఇల్లివ్వకండి.

ఇంగ్లండులో ఈ ఫీజుని 2019 జూన్ 1 నుంచి నిషేధించారు. కిరాయిదారు గురించి కనుక్కునే ఖర్చు ఓనరే పెట్టుకోవాలట. అక్కడ చదువుతున్న మీ అబ్బాయి ఆ పద్దు కట్టకుండానే గదిలో దిగి ఉంటాడు. వీడియో కాల్లో ఆ ఊసెత్తితే సిగ్నల్ లేదనండి, ముఖ్యంగా మేడ మీద కుర్రాళ్ళు వినేంత దూరంలో ఉన్నప్పుడు.

ఇంతదాకా వచ్చాక అసలు కిటుకు చెప్పకపోతే పాపం. పోర్షన్ అద్దె అయిదు వేలు అనుకోండి. ఇచ్చేస్తే నీళ్ళు, మేకులు, లీకులు, రాత్రి పదింటికి స్నేహితులు. ఇవ్వకుండా నెలకు పదకొండు మందిని వాకబు చేసి పంపేస్తే అయిదు వేల మూడొందల తొంభై. మూడొందల తొంభై లాభం, సున్నం కూడా వెయ్యక్కర్లేదు. కాకపోతే వారానికోసారి తాళం తీసి దుమ్ము దులిపించండి. చూడ్డానికొచ్చేవాళ్ళకి ఇల్లు శుభ్రంగా కనపడాలి.