నీళ్లెక్కువయ్యాయట!

వీడియో గేమ్‌లకు మార్కులేసే పెద్దమనుషుల దగ్గర ఒక విచిత్రమైన పది ఉంది. అది ఒకటితో కాదు, ఏడుతో మొదలవుతుంది. ఏడు వచ్చిందంటే ఆ గేమ్ జోలికి పోవద్దని అర్థం. ఎనిమిదంటే పర్వాలేదు, అభిమానులైతే కొనుక్కోవచ్చు. తొమ్మిదంటే ప్రచారం గట్టిగా చేశారు. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు మరెందుకయ్యా అంటే, పది నిండాలి కదా, అందుకు.

కుళ్లుతో అంటున్న మాట కాదిది. లోకంలోని రివ్యూల మార్కులన్నీ పోగేసి సగటు తీసే మెటాక్రిటిక్ అనే సంస్థ 2001 నుంచీ నడుస్తోంది. అక్కడ సినిమాకు వందకు 61 వస్తే పచ్చరంగు వేస్తారు. అదే గేమ్‌కైతే 75 రావాలి. 65 తెచ్చుకున్న సినిమా పాసు, అవే మార్కులు తెచ్చుకున్న గేమ్ ఎటూ కాకుండా పసుపు రంగులో వేలాడుతుంది. గేమ్ రివ్యూయర్ల చెయ్యి ఎంత ధారాళమో సగటు తీసేవాడికే తెలిసిపోయి, పాసు గీతను పైకి జరిపేశాడన్నమాట. అమెరికా ప్రీమియర్ ఇంటర్వెల్ దాటకముందే 2.75 అచ్చేసే మన సినిమా సైట్లను చూసి నవ్వుకుంటాం గానీ, మనవాళ్లే నయం. అయిదులో సగం దగ్గరైనా తచ్చాడతారు.

ఈ అంకె ఆటగాడి కోసమని అమాయకంగా నమ్మేవాళ్లకు రెండు పాత ముచ్చట్లు చెప్పాలి. 2010లో వచ్చిన ‘ఫాలౌట్: న్యూ వేగస్’ను తయారుచేసింది అబ్సిడియన్ స్టూడియో, అమ్మింది బెథెస్డా. మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ ఇస్తామన్నది ఒప్పందం. వచ్చింది 84. బోనస్ గోవిందా. ఈ సంగతి ఆ స్టూడియోలో పెద్ద డిజైనర్ క్రిస్ అవెలోన్ 2012లో బయటపెట్టాడు. ఏ దేశంలోనో ఒక రివ్యూయర్ ఎనిమిదిన్నర వేద్దామా ఎనిమిది వేద్దామా అని గోళ్లు కొరుక్కుంటే ఇంకెక్కడో ఒకరి ఇంటి కిస్తీ ఆగిపోయే ఏర్పాటు ఇది.

రెండోది 2007 నాటిది. గేమ్‌స్పాట్ అనే పెద్ద సైట్‌లో జెఫ్ గెర్‌స్ట్‌మన్ అనే రివ్యూయర్ ‘కేన్ అండ్ లించ్: డెడ్ మెన్’కు ఆరు మార్కులు వేశాడు. అప్పుడు ఆ సైట్ గోడల నిండా ఆ గేమ్ ప్రకటనలే. నవంబరు నెల దాటకుండానే ఆయన ఉద్యోగం ఊడింది. ప్రకటనలిచ్చేవాళ్ల ఒత్తిడికి యాజమాన్యం లొంగిందని 2012లో ఆయనే చెప్పాడు. ఏడుకు దిగువనున్న అంకెల్లో జనసంచారం ఎందుకుండదో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

సరే, డబ్బు గొడవ పక్కన పెడదాం. నిజాయితీపరుడైన రివ్యూయరే అనుకుందాం. అతను రాసేదేమిటి? గ్రాఫిక్స్ కళ్లు చెదిరేలా ఉన్నాయి. కథ మనసును కదిలిస్తుంది. నేపథ్య సంగీతం గేమ్‌ను మరో స్థాయికి తీసుకెళ్లింది. అక్కడక్కడా చిన్న చిన్న లోపాలున్నా మొత్తమ్మీద మరపురాని అనుభూతి. ఇందులో గేమ్ పేరు తీసేసి ఇంకో గేమ్ పేరు పెట్టండి. ఒక్క వాక్యమైనా అబద్ధమవుతుందా? కార్ల పందేనికీ అదే, కత్తియుద్ధానికీ అదే, పొలం దున్నే గేమ్‌కూ అదే. గేమ్ డబ్బా తెరవకుండానే రాయగలిగిన ఈ మాటల కోసం ఒక మనిషి నలభై గంటలు ఎందుకు ఆడినట్టు?

ఈ గుంపులోంచి తప్పిపోయిన ఒక్క మాటను లోకమంతా పదేళ్లకు పైగా వెక్కిరిస్తూనే ఉంది. 2014లో ‘పోకెమాన్ ఒమేగా రూబీ’, ‘ఆల్ఫా సఫైర్’ గేమ్‌లకు ఐజీఎన్ అనే గేమ్ సైట్ 7.8 ఇచ్చి, లోపాల పట్టీలో నీళ్లు మరీ ఎక్కువయ్యాయని రాసింది. ఇక చూడండి నవ్వులు! సముద్రంలో నీళ్లెక్కువంటారా, అన్నంలో మెతుకులెక్కువంటారా అని ఒకటే ఎకసెక్కాలు. ఆ వెక్కిరింపులు కాస్తా జోకై, ఆ జోకు ఎప్పుడూ పోకెమాన్ ఆడనివాళ్లకు కూడా పాకిపోయింది.

నేను మాత్రం ఆ మాటకు దండం పెడతాను. ఎందుకంటే అది అక్షరాలా నిజం, పైగా ఆ గేమ్‌కు మాత్రమే వర్తించే నిజం. ఆ కథ జరిగే హోయెన్ ప్రాంతంలో తూర్పు భాగమంతా సముద్రమే. దాన్ని దాటాలంటే మీ దగ్గరున్న ఏదో ఒక పోకెమాన్‌కు ఈత నేర్పాలి. తర్వాత మునగడం నేర్పాలి. ఆ తర్వాత జలపాతం ఎక్కడం నేర్పాలి. ఒక్కో పోకెమాన్‌కు గుర్తుండేవి నాలుగే విద్యలు. అందులో మూడు ఇలా దారిఖర్చుల కింద పోతే పోరాటానికి మిగిలేది ఒక్కటి. నడుమ సముద్రంలో ఈదుతుంటే ఎదురయ్యేవి మళ్లీ మళ్లీ అవే నీటి జాతులు. ఇప్పుడు చెప్పండి, “నీళ్లెక్కువ” అన్నది తెలివితక్కువ మాటా? ఆ ఒక్క మాటతో నాకు రెండు దారులు తెరుచుకున్నాయి. సముద్రాల్లో తీరిగ్గా తిరగడం నాకిష్టమైతే రివ్యూయర్ లోపమన్నదే నాకు గుణం, కొనుక్కుంటాను. విసుగైతే మానేస్తాను. రివ్యూయర్‌తో విభేదించడానికి కూడా పనికొచ్చే రివ్యూ అది. “మరపురాని అనుభూతి”తో ఎలా విభేదిస్తాం? మరిచిపోయామని అఫిడవిట్ ఇవ్వాలా?

ఇక 2020 డిసెంబరు కథ. దీన్ని కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రంగంలో పేరున్న మేధావులంతా ఒకేసారి బోల్తా పడ్డ సందర్భం ఇది. పోలెండ్‌లోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ ‘సైబర్‌పంక్ 2077’ను ఏప్రిల్ నుంచి సెప్టెంబరుకు, సెప్టెంబరు నుంచి నవంబరుకు, అక్కణ్నుంచి డిసెంబరు 10కి వాయిదాలేస్తూ వచ్చింది. ఎనభై లక్షల కాపీలు విడుదలకు ముందే బుక్కయ్యాయి. మూడు రోజుల ముందు, డిసెంబరు 7న రివ్యూలు విరుచుకుపడ్డాయి. సగటు తొంభై చుట్టుపక్కల. నగరం అద్భుతం, నియాన్ వెలుగులు అద్భుతం, బగ్స్ ఉన్న మాట నిజమే గానీ ప్యాచ్‌లు వస్తే సర్దుకుంటాయి.

ఇంతకీ రివ్యూయర్ల చేతికొచ్చినది పీసీ కాపీ. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ అనే పాత కన్సోళ్ల కాపీలు కంపెనీ ముందుగా ఇవ్వలేదు. పోనీ తాము ఆడినప్పటి వీడియో చూపించారా? విడుదల దాకా దానికీ అనుమతి లేదు, కంపెనీ పంపిన క్లిప్పులే వేసుకోవాలి. పెళ్లిచూపుల్లో అక్కను చూపించి పీటల మీద చెల్లెల్ని కూర్చోబెట్టే బాపతు ఇది. కాకపోతే ఇక్కడ మోసపోయింది పెళ్లికొడుకు ఒక్కడే కాదు, మధ్యవర్తులు కూడా. మోసపోయామని తెలిశాక వాళ్లు చాలా బాధపడ్డారు. సంభావన మాత్రం ముందే అందుకున్నారు.

డిసెంబరు 10న పాత కన్సోల్ ఉన్నవాళ్లు డిస్క్ పెట్టారు. మనుషుల ముఖాలు మైనపు ముద్దల్లా కనిపిస్తున్నాయి. కారు తోలుతుంటే రోడ్డు తర్వాత వస్తోంది. మధ్యలో గేమ్ మొత్తం కుప్పకూలుతోంది. డిసెంబరు 17న సోనీ ఆ గేమ్‌ను తన స్టోర్ నుంచే తీసేసి, కొన్నవాళ్లకు డబ్బులు వెనక్కిస్తామంది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్ 21న. పీఎస్4 రూపానికి మెటాక్రిటిక్‌లో చివరికి తేలిన సగటు 57.

కన్సోల్ కాపీ చూడలేదని కొందరు రివ్యూలో రాశారు కూడా, కాదనను. కింద ఎక్కడో, ఒక వాక్యంలో. పైన ఇంత లావు 9 వెలుగుతుంటే కిందికి దిగేదెవరు? ఆ రోజు ఆటగాళ్లకు అక్కరకొచ్చే రివ్యూ ఒకే ఒక్క వాక్యంలో రాయొచ్చు: “కన్సోల్ కాపీ మాకు ఇవ్వలేదు, ఎందుకివ్వలేదో తెలిసేదాకా మీరు కొనకండి.” దీనికి మార్కులు అక్కర్లేదు, నియాన్ వెలుగుల వర్ణన అక్కర్లేదు. ఇంతకంటే ముందే మనకు పాఠం చెప్పిన గేమ్ ఒకటుంది. 2014 నవంబరులో ‘అసాసిన్స్ క్రీడ్ యూనిటీ’ రివ్యూలను అమెరికాలో గేమ్ దుకాణాల్లోకి వచ్చిన పన్నెండు గంటల తర్వాతే బయటపెట్టాలని కంపెనీ షరతు పెట్టింది. ముఖం చర్మం మాయమై కళ్లూ పళ్లూ మాత్రమే గాల్లో తేలే మనుషుల బొమ్మలు అప్పట్లో అందరూ చూసే ఉంటారు. దాచారంటే దాచేది ఉందనే కదా. ఆ దాపరికం గురించి చెప్పడాన్ని మించిన రివ్యూ ఏముంటుంది?

చిత్రమేమిటంటే అదే సైబర్‌పంక్ తర్వాత బాగుపడింది. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 ప్యాచ్‌తో దాదాపు కొత్త గేమ్ అయింది. 2020 నాటి మార్కులు మాత్రం రాతి శాసనాల్లా అక్కడే ఉన్నాయి, ఇప్పుడు ఉనికిలో లేని ఒక గేమ్‌ను పొగుడుతూ, తిడుతూ. దీనికి తిరగేసిన కథా ఉంది. 2019 జూన్‌లో యాక్టివిజన్ సంస్థ ‘క్రాష్ టీమ్ రేసింగ్ నైట్రో-ఫ్యూల్డ్’ విడుదల చేసింది. మంచి రివ్యూలొచ్చాయి. అవి వచ్చాక, ఆగస్టులో, అసలు డబ్బులతో గేమ్ నాణేలు కొనుక్కునే దుకాణాన్ని లోపల తెరిచింది. పరీక్ష అయిపోయాక సిలబస్ మార్చినా మార్కులు అవే.

ఇప్పుడు మనవాడి సంగతికి వద్దాం. నెల్లూరులోనో నిజామాబాద్‌లోనో ఒకడున్నాడు. పెద్ద గేమ్ డిస్క్ ఒకటి అయిదు వేల దాకా ఉంది. రివ్యూయర్‌కు అది ఉచితంగా వచ్చింది కాబట్టి ధర గురించి అతనికి అభిప్రాయం లేదు. మనవాడికి ఉంది. డిస్క్ కొన్నాక మళ్లీ ఎంత డౌన్‌లోడ్ చేయాలి? 2019 నాటి ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్’ పెరిగి పెరిగి పీసీలో 200 జీబీ దాటింది. నెలకు ఇంతే డేటా అని లెక్కగట్టే బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంట్లో ఇది గ్రాఫిక్స్ కన్నా పెద్ద విషయం, అమ్మ సీరియల్ ఆగిపోయే విషయం. సర్వర్ ముంబైలో ఉందా, సింగపూర్‌లో ఉందా, యూరప్‌లో ఉందా? మనం తుపాకీ పేల్చాక గుండు చేరేలోపు ఎదుటివాడు టీ తాగి వస్తాడా? నెట్ లేకపోతే ఒంటరిగానైనా ఆడనిస్తుందా? సబ్‌టైటిల్స్ అక్షరాలు మంచం మీద కూర్చున్నవాడికి కనిపిస్తాయా, టీవీకి ముక్కు ఆనించాలా?

అన్నిటికన్నా ముఖ్యం, పాజ్ ఉందా? నవ్వకండి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’కు మెటాక్రిటిక్‌లో 96. ఒంటరిగా ఆడుతున్నా అందులో మామూలు పాజ్ బటన్ లేదు. మెనూల్లో ఒక మూల వివరణ పెట్టె తెరిస్తే ఆట ఆగుతుందని ఆటగాళ్లే దొడ్డిదారి కనిపెట్టుకున్నారు. పెద్ద రాక్షసుడు చివరి ప్రాణం మీద ఉండగా గ్యాస్ బండ వచ్చిందని కింది నుంచి కేక వినపడే ఇళ్లలో బతికేవాళ్లం మనం. ఆ 96లో ఈ ముక్క ఎక్కడుంది?

ఆటగాళ్లు పాపం అమాయకులని అనుకునేరు. రివ్యూ చదివేవాళ్లలో చాలామంది గేమ్‌ను అప్పటికే బుక్ చేసి ఉంటారు. వాళ్లకు కావలసింది సమాచారం కాదు, ఆశీర్వచనం. తొమ్మిదిన్నర రావాల్సిన చోట తొమ్మిది వేసిన పాపానికి రివ్యూయర్‌ను వారం పాటు బూతులు తిట్టేదీ వీళ్లే. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ 2020 జూన్ 19న వచ్చింది. ముగించడానికి ఇరవై గంటలు పైనే పట్టే ఆ గేమ్‌కు తొలిరోజే వేల సున్నాలు పడ్డాయి. దాంతో మెటాక్రిటిక్ కొత్త నిబంధన పెట్టింది: గేమ్ వచ్చాక 36 గంటల దాకా జనం మార్కులు వేయరాదు. కోపం తగ్గించుకోమని కాదు, కాస్త దాచుకోమని.

నన్నడిగితే ఈ మొత్తం రంగంలో నమ్మదగ్గ అంకె ఒక్కటే. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్‌లో ప్రతి రివ్యూ పక్కనా ఆ మనిషి ఎన్ని గంటలు ఆడాడో చూపిస్తారు. ఆరు నిమిషాలు ఆడి “కళాఖండం” అన్నవాడెవడో, రెండు వేల గంటలు ఆడి “సమయం దండగ, కొనకండి” అన్నవాడెవడో అక్కడ దొరికిపోతారు. రెండోవాడి మాట నేను శ్రద్ధగా చదువుతాను. అంతకాలం కాపురం చేసి తిట్టేవాడికి ఇంటి లోపలి సంగతులన్నీ తెలిసే ఉంటాయి.

ఇంకో తెగ ఉంది, వాళ్లను ఎవరూ విమర్శకులనరు. గ్రాఫిక్స్ కార్డ్ లేని పాత ల్యాప్‌టాప్‌లో కొత్త గేమ్ నడుస్తుందా లేదా అని వీడియోలు పెట్టే కుర్రాళ్లు. “మామా, సెట్టింగ్స్ అన్నీ లో పెట్టినా, 720లో ముప్పై ఫ్రేములొస్తున్నాయి, వర్షం పడితే మాత్రం పద్దెనిమిదికి పడిపోతోంది, ఫ్యాన్ మోత వింటున్నారుగా?” విశేషణం ఒక్కటి లేదు, మార్కు లేదు. పక్కింట్లో కుక్కర్ విజిల్ వినిపిస్తుంటుంది. రివ్యూ అంటే నా దృష్టిలో ఇది. వీళ్లకు ఏ పబ్లిషరూ ఉచిత కాపీ పంపడు, ఇప్పటికైతే.

పంపితే ఏమవుతుందో అమెరికాలో ఒకసారి చూశారు. 2014లో ‘షాడో ఆఫ్ మోర్డోర్’ కోసం వార్నర్ బ్రదర్స్ సంస్థ యూట్యూబర్లకు డబ్బులిచ్చింది, వందల డాలర్ల నుంచి పదివేలు పైదాకా. మంచే చెప్పాలి, బగ్స్ చూపించకూడదు. డబ్బు తీసుకున్న సంగతి వీడియో కింద వివరాల పెట్టెలో రాస్తే చాలన్నారు. అది నొక్కి తెరిస్తే గానీ కనబడదు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టి, 2016లో రాజీ కుదుర్చుకుంది.

మన కుర్రాడికి కూడా ఏదో ఒకరోజు ఆ పార్సిల్ వస్తుంది. గేమ్‌తో పాటు ఒక మంచి ల్యాప్‌టాప్, ఒక టీషర్టు. తర్వాతి వీడియోలో ఫ్యాన్ మోత ఉండదు.