కంచు గిన్నె వాదన

నేను కంచు గిన్నెను. తమిళనాడులో కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టూ ఉన్న నల్లరేగడి పల్లెల్లో, తరాలుగా తెలుగు మాట్లాడే రైతు ఇళ్లలో మా జాతి బతికింది. స్టీలు వచ్చి మమ్మల్ని అటకెక్కించింది, దాని మీద నాకు కోపం లేదు. జపాను కంచు పూలకూజాను అద్దాల బీరువాలో పెట్టి కళ అంటారు, నన్ను సామాను అంటారు. నా పేచీ అక్కడ. ఆ తేడా పనితనంలో లేదు, గిరాకీలో ఉంది.

రాగిలో తగరం నూటికి పది పాళ్లుంటే పోతకు అనువు. నాలో ఇరవై రెండు, ఇరవై మూడు. ఈ కూర్పును చల్లగా ఉండగా సుత్తితో కొడితే పగులుతుంది. సుమారు 600 నుంచి 750 డిగ్రీల మధ్య, ఎర్రగా ఉండగానే పలచగా సాగగొట్టి నీళ్లలో ముంచాలి. కంచరికి కొలమానం కొలిమి రంగే. నా ఖంగుమనే మోత కూడా ఆ తగరం పుణ్యమే. వేమన దాన్ని అల్పుడికి అంటగట్టాడు, పోనివ్వండి. ఈ పనితనం నిన్న మొన్నటిది కాదు. కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లాలోనే ఆదిచ్చనల్లూరు ఉంది. 1899–1905 మధ్య పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వించిన ఇనుపయుగపు శ్మశానంలో కంచు పాత్రలు, జంతువుల బొమ్మలున్న మూతలు దొరికాయి. పరీక్షిస్తే అక్కడి గిన్నెలో తగరం దాదాపు నా పాళ్లలోనే ఉంది.

ఇక ఆ పూలకూజాల సంగతి. జపానులోని తకావోకా పట్టణానికి పోతపనివాళ్లను 1611లో ప్రభువు మాయెదా తోషినగా రప్పించాడు. వాళ్లు మొదట పోసినవి వంటపాత్రలు, సేద్యపు పనిముట్లు. 1876లో కత్తి ధరించడాన్ని నిషేధించాక కత్తిపిడులు అలంకరించేవాళ్లకు పని పోయింది. 1873 వియన్నా ప్రపంచ ప్రదర్శన అప్పటికే ఐరోపా సంతను చూపించింది. ఆ చేతులు పూలకూజాల వైపు మళ్లాయి. ఆధునిక లోహకళ అని మనం మెచ్చుకునేదాని వెనక ఇలా కుండలూ ఉన్నాయి, బతుకుతెరువూ ఉంది.

రాగిలో కాస్త బంగారం కలిపి నల్లని నిగారింపు తెచ్చే షకుదో పని నీకుందా అని అడగొచ్చు. లేదు. నా కంచరికి అది రాదు, ఆ నేర్పును తక్కువ చేయను. కానీ అది కంటికి కనిపించే కష్టం. నా కష్టం రేకు పలచదనంలో ఉంది, అన్నం పెట్టగానే కప్పబడిపోతుంది. వాడుక వస్తువు కళ కాదనేవాళ్లు ఆదిచ్చనల్లూరు గిన్నె మ్యూజియానికి చేరాక మాట మారుస్తారు. నాకు ఆ వయసు లేదు కాబట్టి పాత సామాన్ల కొట్టులో తూకానికే అమ్ముడుపోతాను.