అమావాస్య గారు

అమావాస్య పూట గడప దాటొద్దని ఇల్లాలు, దాటకపోతే ఎలాగని ఈయన. బాగ్ లింగంపల్లిలో సొంతిల్లు, బ్యాంకు ఉద్యోగం, కొద్దిగా బీపీ. అన్నీ అమరిన పెద్దమనిషే. నడివయసులో నిహారికల ఫొటోల పిచ్చి పట్టుకుంది. దానికి చంద్రుడు లేని రాత్రి కావాలి. సుందరయ్య పార్కులో వాకింగ్ బృందం ఆయనకు పెట్టిన పేరే అమావాస్య గారు.

ఈ జాతికి వెలుతురంటే గిట్టదు. చిక్కడపల్లిలో కొత్త ఎల్ఈడీ దీపం వెలిగిందంటే ఆ పూట అన్నం సహించదు. "నిజామియా వాళ్లంతటివాళ్లే బేగంపేట వదిలి జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టుకున్నారు, నేనెంతండీ?" అంటారు. దీపావళి అంటే మరీ కడుపుమంట. వానాకాలమంతా మబ్బులాయె, తెరిపిచ్చాక వచ్చే అమావాస్య కాస్తా టపాకాయల పాలు!

కాబట్టి అనంతగిరి కొండలు. డిక్కీలో మౌంటు, బ్యాటరీ, లాప్‌టాప్, దుప్పటి, పులిహోర, లెన్సుకు మంచు పడితే ఆరబెట్టడానికి భార్య హెయిర్ డ్రయ్యరు. అక్కడ తెల్లలైటు వేయడం మహాపాపం. నుదుటికి ఎర్రలైటు కట్టుకుని తిరుగుతారు. ముందు ధ్రువుణ్ణి పట్టుకోవాలి. మన అక్షాంశానికి ధ్రువుడు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, సరిగ్గా అక్కడ ఏదో ఒక చెట్టు ఉండనే ఉంటుంది. తన పెళ్లిలో పట్టపగలు పంతులుగారు అరుంధతిని చూపిస్తే కనిపించిందని తలూపిన మనిషికి, నడిరాత్రి ధ్రువుడు దొరకడు. దొరికాక మౌంటు ఆకాశంతోపాటు తిరుగుతుంది, కెమెరా ఒక్కో ఫొటోకూ మూడేసి నిమిషాలు తీసుకుంటుంది, ఈయన తెల్లవార్లూ లాప్‌టాప్‌కేసి చూస్తుంటారు. తలెత్తరు. "ఏవండీ, ఉల్క రాలింది!" అని పక్కవాళ్లు కేకేస్తే, "నా ఫ్రేములో గానీ పడిందా?" అని కంగారుపడతారు.

ఓరియన్ నిహారిక ఈయన స్థాయికి తగదు; అది కొత్తగా చేరినవాళ్లకట. ఈయన గురి గుర్రపుతల మీద. ఆ నల్లని తల వెనక ఎర్రగా వెలిగేది హైడ్రోజన్, 656 నానోమీటర్ల కాంతి. మామూలు కెమెరాల్లో ఆ ఎరుపును చాలామటుకు ఆపేసే ఫిల్టరొకటి ఉంటుంది. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కెమెరానూ విప్పించి దాన్ని పీకించేశారు. ఇప్పుడు గుర్రం వెనక ఎరుపు దివ్యంగా వస్తోంది. మనవరాలి బారసాల ఫొటోల్లో మాత్రం వియ్యపురాలితో సహా చుట్టాలందరూ కుంకుమలో ముంచి తీసినట్టున్నారు.

రాత్రి తీసినవన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి, వారాల తరబడి తోమగా తేలిన ఫొటో హాల్లో వేలాడుతోంది. "ఆ వెలుగు బయల్దేరేనాటికి వేంగిలో చాళుక్యులు ఏలుతున్నారు" అని చెప్పనిదే కాఫీ ఇవ్వరు. వచ్చినవాళ్లు మర్యాదకు గుర్రాన్ని వెతుక్కుంటారు.

ఒక్కటి ఒప్పుకోవాలి. అమావాస్యకు ముహూర్తం ఎవరూ పెట్టరు గనక ఈయన ఏ పెళ్లికీ తప్పిపోరు. పైగా తిథులన్నీ కంఠతా. మొన్న గుడి పూజారిగారే మెట్ల దగ్గర ఆపి, "అయ్యా, ఈసారి అమావాస్య ఎన్ని గంటలకు వస్తుందండీ?" అని అడిగారు.

"చెబుతాను గానీ స్వామీ, గోపురం మీద ఆ ఫ్లడ్‌లైటు ఎప్పుడు తీయిస్తారు?"