మంచు మీద వన్స్ మోర్

పల్నాటి వాళ్ళకి మంచు అంటే రెండే రకాలు. ధనుర్మాసంలో తెల్లారుజామున కురిసేది ఒకటి, సోడా బండి మీద గోనెపట్టా కింద దాక్కునేది ఇంకొకటి. రెంటచింతల ఎండకి ఆ రెండోది బేరం తెగేలోపే సగమైపోతుంది. అలాంటి గడ్డ మీద, మే నెల మధ్యాహ్నం, నరసరావుపేటలో కూర్చుని ఫోన్లో టొరినో ఒలింపిక్స్ స్కేటింగ్ ప్రదర్శన మళ్ళీ చూస్తుంటే మా నాయనమ్మ అడిగింది: "ఏరా, కూలర్ చెడిపోయిందా?"

2006లో టీవీలో వచ్చిన గాలా అది. పోటీలన్నీ అయిపోయాక గెలిచినవాళ్ళు మార్కుల బెంగ లేకుండా ఆడి చూపించే రాత్రి. అప్పుడే స్వర్ణం కొట్టిన రష్యా వీరుడు ఎవ్గెనీ ప్లుషెంకో ఆటకి రికార్డు పెట్టలేదు. హంగేరీ విద్వాంసుడు ఎడ్విన్ మార్టన్ మంచు మీదే నిలబడి ఫిడేలు వాయిస్తుంటాడు. బాణీ పుచ్చిని 'టోస్కా' ఒపెరాలోది.

నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"ఆ గిరగిరా తిరిగే పిల్లోడి సంగతి వాడు చూసుకుంటాళ్ళే. ఫిడేలాయన జారితే ఎవర్రా పట్టుకునేది?"

"పడడులే నాయనమ్మా."

"పడితే ఫిడేలు పగలదూ? ఎంతేంటి అది?"

ఆయన వాయించేది స్ట్రాడివేరియస్ అనీ, ఆ రకం కోట్లు పలుకుతాయనీ చెప్పాను. ఆ తర్వాత ఆవిడ ప్లుషెంకో వైపు చూస్తే ఒట్టు.

పోటీలో అయితే స్కేటరుకి పాటే యజమాని. పడ్డావా, లేచి పరిగెత్తి అందుకో. అది మాత్రం ఆగదు. 1984లో సరాయెవోలో బ్రిటన్ జంట టోర్విల్, డీన్ రవెల్ 'బొలేరో' ఎంచుకున్నారు. పావుగంట సంగీతాన్ని కోసీ కోసీ 4 నిమిషాల 28 సెకన్లకి తెచ్చారు. నిబంధనేమో 4 నిమిషాల 10 సెకన్లు. అయితే గడియారం మొదలయ్యేది స్కేటు బ్లేడు మంచుని తాకి ఆట సాగినప్పుడే. ఇంకేం, మొదటి 18 సెకన్లూ మోకాళ్ళ మీదే ఊగారు! రూల్లో సందు వెతకడంలో మన దస్తావేజులు రాసేవాళ్ళు కూడా వాళ్ళకి దండం పెట్టాల్సిందే. జడ్జీలు 12 చోట్ల నిండుగా 6.0 వేశారు.

మనకా గొడవ లేదు. హరిశ్చంద్ర నాటకం మొదలైతే కోడి కూసేదాకా సాగుతుంది. కాటి సీనులో మన వినుకొండ జాషువా పద్యం అందుకున్న నటుడు రాగాన్ని ఎటు లాగితే హార్మోనియం మాస్టారు అటు పోతాడు. గొంతు జీరబోతే ఒక మెట్టు గట్టిగా నొక్కి కప్పేస్తాడు. పద్యం మర్చిపోతే గుర్తొచ్చేదాకా అదే చుట్టు తిప్పుతాడు. జనం "వన్స్ మోర్" అంటే మళ్ళీ మొదలు. అదే కేక ప్లుషెంకోకి వేశామనుకోండి, సెకను తిరక్కుండా గాల్లో నాలుగు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగాలి. మనవాళ్ళు మూడోసారి కూడా అడుగుతారు. పాపం, ఆయన టొరినో జనం ముందు ఆడాడు కాబట్టి బతికిపోయాడు.

"ఇందులో మనోళ్ళెవరూ లేరా?" అంది నాయనమ్మ.

మంచు మీద కాదుగానీ చక్రాల మీద ఉన్నాడు. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు.

"మరి వాడికి వాయించిందెవరు?"

అసలు ప్రశ్న అదే. ఎదురుగా మనిషి వాయిస్తుంటే ఆడేవాడి ఒళ్ళు వేరేగా పలుకుతుంది. ఆ సంగతి టొరినో కంటే ముందే తెలిసిన పల్నాట్లో ఇప్పుడు తిరునాళ్ళ స్టేజీల మీద పెన్‌డ్రైవ్ ఏలుతోంది. కరెంటు పోయిందా, ఎత్తిన కాలు దించాలో వద్దో తెలియక డాన్సరు కొంగలా నిలబడాలి. హార్మోనియానికి కరెంటక్కర్లేదు. కమిటీ పెద్దలారా, వచ్చే తిరునాళ్ళకి సౌండు బాక్సులు రెండు తగ్గించి, ఒక్క హార్మోనియం మాస్టారుకి బయానా ఇవ్వండి.