క్యూఆర్ కోడ్‌కు పచ్చసిరా సంతకం

డిజిటల్ సర్టిఫికెట్లను సరిచూసే ప్రమాణం 'వెరిఫయబుల్ క్రెడెన్షియల్స్' 2.0 కూడా వచ్చేసింది. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్లు 2025 మే నెలలో ముద్ర వేసేశారు. ఇక ఎవరి సర్టిఫికెట్ అసలుదో, ఎవరిది దొంగదో ప్రపంచంలో ఏ మూలన కూర్చున్నా చిటికెలో తేలిపోతుందట. పైగా బహిరంగ ప్రమాణమట, ఎవరైనా చేయి వేయొచ్చట. కోరుట్ల నుంచి చేయి వేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి శాలువా కప్పి వస్తాను.

ఆ ప్రమాణంలో పాత్రధారులు ముగ్గురే: ఇచ్చేవాడు, దాచుకునేవాడు, సరిచూసేవాడు. జగిత్యాలలో నాలుగోవాడు లేనిదే కాగితం కదలదు. ఆయనే జిరాక్స్ సెంటరాయన.

మీసేవ 2011 నుంచీ డిజిటల్ సంతకంతోనే సర్టిఫికెట్లు ఇస్తోంది. నంబరు కొడితే నిజమో కాదో వెబ్‌సైటే చెప్పేస్తుంది. అయినా కులం సర్టిఫికెట్ పట్టుకొని ఏ కౌంటర్‌కైనా పోయి చూడండి.

"ఒరిజినల్ తెచ్చినవా?"

"ఇదే సార్."

"జిరాక్స్?"

"ఇగో సార్."

"మరి దీని మీద గెజిటెడ్ సంతకమేది?"

కంప్యూటర్ పెట్టిన సంతకం నిజమేనని ఒక హెడ్మాస్టరు గారు పచ్చసిరాతో పూచీ పడాలన్నమాట. సొంత సంతకం చాలని కేంద్రం 2014లోనే చెప్పింది. ఎవరికి చెప్పిందో ఏమో! అసలే జిరాక్స్‌లో మసిబారిన క్యూఆర్ గళ్లు, వాటి మీద గుండ్రటి రబ్బరు స్టాంపు. ఇక దాన్ని ఏ ఫోనూ చదవలేదు. చదవగలిగే గుర్తును చదవరాకుండా చేయడానికి మనం పెట్టుకున్న పేరు అటెస్టేషన్. డిజిలాకర్‌లో ఉన్నది ఒరిజినల్‌తో సమానమని 2017లో నిబంధన వచ్చింది. ఫోను తీసి చూపిస్తే "ప్రింటు తీస్కరా పో" అంటారు. కోవిడ్ టీకా సర్టిఫికెట్‌ను 2021లో ఈ ప్రమాణం పాత రూపం ప్రకారమే తయారుచేశారు. దాన్ని మనం లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నాం.

గల్ఫ్‌కు పోయే పిల్లవాడి దగ్గరున్న ప్రతి కాగితం మీదా అందరికీ అనుమానమే. పోలీసు క్లియరెన్స్ కావాలి, మెడికల్ కావాలి. డిప్లొమా ఉంటే దానికి రాష్ట్రం ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, కొన్ని దేశాలకైతే ఎంబసీ ముద్ర కూడా. సరే, ఏజెంటు వాడి చేతిలో పెట్టిన వీసా కాగితాన్ని సరిచూసిందెవరు? ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చంటూ ఆజాద్ వీసా పేరుతో లక్షలు గుంజినప్పుడు క్యూఆర్ ఎక్కడుంది? ఇక్కడ రాసిన జీతం ఒకటి, అక్కడ దిగాక చేతికొచ్చేది ఇంకొకటి. లైసెన్సున్న ఏజెంట్ల జాబితా కేంద్రం వారి ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉంది. ఊరూరా తిరిగేది ఆ జాబితాలో లేనివాడే. ఏజెంటు లైసెన్సునూ, కంపెనీ ఒప్పందాన్నీ కూడా ఈ ప్రమాణంతోనే సరిచూడొచ్చు. సాంకేతికంగా అడ్డేమీ లేదు. తనిఖీ పేదవాడు ఇచ్చే కాగితానికే గానీ, పేదవాడికి ఇచ్చే కాగితానికి లేదు. అదీ సిగ్గులేనితనం.



3.0 రాయడానికి కూర్చునే పెద్దలకు ఒక్క మనవి. సరిచూసే వీలుండీ సరిచూడనివాడు జిరాక్స్ డబ్బులు తన జేబులోంచే కట్టాలి. తప్పనిసరి నిబంధనల్లో అదొకటి చేర్చండి, బస్సు చార్జీలు మేం పెట్టుకుంటాం.