ఊరు పట్నమైంది, నాలో రాత ఆగింది

నేను జంగారెడ్డిగూడెం గ్రామసభ తీర్మానాల పుస్తకాన్ని. ఎర్రగుడ్డ అతికించిన గట్టి అట్ట, వరసగా నంబర్లు వేసిన పేజీలు, ముందు అజెండా, తరవాత తీర్మానం, చివర హాజరైనవారి సంతకాలు. సంతకం రానివారి వంతు వచ్చినప్పుడు స్టాంపు ప్యాడు మీద ఎడమచేతి బొటనవేలు అద్ది నా మీద నొక్కేవారు. ముద్ర పక్కన కార్యదర్శి ఆ మనిషి పేరు రాసి, కింద ‘నిశాని’ అని చేర్చేవాడు. వీధిదీపం కావాలన్నా, కాలవ పూడిక తియ్యాలన్నా, పింఛను జాబితాలో పేరెందుకు లేదని నిలదీసినా, ఆ మాట నాలోకి ఎక్కితేనే దానికి కాగితం విలువ వచ్చేది. 2011లో ఈ ఊరు నగర పంచాయతీ అయింది. పట్నం హోదాతోపాటే గ్రామసభ పోయింది, నాలో రాత ఆగింది. నా దిగులు నా ఖాళీ పేజీల గురించి కాదు. ఊరు పెరిగినందుకు, ఆ ఊరి మనిషికి నలుగురిలో నిలబడి అడిగే హక్కు తరిగిపోవడం అన్యాయం. ఆ హక్కును పట్నంలోనూ తిరిగి ఇవ్వొచ్చు, ఇవ్వాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు చట్టం ఏమంటోందో చూద్దాం. 1992 డిసెంబరులో పార్లమెంటు 73, 74వ రాజ్యాంగ సవరణలను ఆమోదించింది. 1993లో అవి అమల్లోకి వచ్చాయి. మొదటిది పల్లెలకు సంబంధించినది. అందులోని 243-ఎ అధికరణంతో గ్రామసభకు రాజ్యాంగంలోనే చోటు దక్కింది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. ఒకరు ఎన్నుకోనక్కర్లేదు, ఇంకొకరు నామినేట్ చెయ్యనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 ఇంకో అడుగు ముందుకు వేసి, గ్రామసభ జరపని సర్పంచికి పదవే ఉండదంది. రెండో సవరణ పట్టణాలది. అందులో గ్రామసభకు సాటి వచ్చేది ఏదీ లేదు. 243-ఎస్ కింద వార్డు కమిటీలున్నాయి గానీ, 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్నచోటే అవి తప్పనిసరి. జంగారెడ్డిగూడెం జనాభా లక్షకు చాలా తక్కువ. అంటే పల్లెకు సభ ఉంది, నగరానికి కమిటీ ఉంది, రెంటికీ నడుమ ఉన్న ఊరికి ఆ రెంటిలో ఏదీ రాజ్యాంగం తప్పనిసరి చెయ్యలేదు. నగర పంచాయతీ అంటే పల్లె నుంచి పట్నంగా మారుతున్న ప్రాంతమని రాజ్యాంగమే నిర్వచించింది. పొలాలు లేఔట్లయ్యేదీ, వాననీరు పారే దారులు మూసుకుపోయేదీ, పన్ను లెక్కలు మారేదీ ఆ కాలంలోనే. జనం ఎక్కువగా మాట్లాడవలసిన దశలోనే వాళ్లకు మాట్లాడే చోటు లేకుండా పోయింది.

దీనివల్ల పోయేది మర్యాద మాత్రమే అనుకుంటే పొరపాటు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 గ్రామ పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఉపాధి హామీ కింద ఏ రోడ్డు వెయ్యాలి, ఏ కుంట తవ్వాలి అన్నది ఆ సభల ముందుకు వచ్చింది. జంగారెడ్డిగూడెం మండలంలోని పల్లెలకు ఆ రోజు పిలుపు వచ్చింది, మండల కేంద్రమైన పట్నానికి రాలేదు. ఉపాధి హామీ చట్టం పల్లెలకే గనుక, ఊరు నగర పంచాయతీ అయ్యాక ఇక్కడి కూలీకి ఆ పనీ లేదు, ఆ పని లెక్కలు ఊరి ముందు చదివి వినిపించే సామాజిక తనిఖీ కూడా లేదు. పొగాకు గ్రేడింగుకో పామాయిల్ తోటకో వెళ్లే మనిషి బతుకు మాత్రం బోర్డు మీద పేరు మారినంతలో మారలేదు.

ఇక నీతికి సంబంధించిన విషయాలకు వస్తే ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2022 మార్చిలో ఈ ఊళ్లో కొద్దిరోజుల తేడాతో వరసగా మరణాలు సంభవించాయి. నాటుసారాయే కారణమని అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం అంది. అవి సహజ మరణాలని అప్పటి ప్రభుత్వం అంది. వెలగపూడి శాసనసభ దద్దరిల్లింది, తెలుగుదేశం సభ్యులు సస్పెండయ్యారు. రాష్ట్రమంతా జంగారెడ్డిగూడెం గురించి మాట్లాడింది. కానీ జంగారెడ్డిగూడెం తన గురించి తాను మాట్లాడుకోవడానికి గ్రామసభ వంటి వేదిక లేకపోయింది. ఎవరు తాగేవారు, ఏ సందులో దొరికేది, చనిపోయినవారికి అంతకుముందు ఏ జబ్బుండేది, ఇవి ఇరుగుపొరుగుకు తెలిసే విషయాలు. వాటిని నలుగురి ఎదుట చెప్పించి, రాయించి, కింద సంతకాలు తీసుకునే పద్ధతి ఉండి ఉంటే, ఏ పార్టీ వాదన నిలుస్తుందో తేలకపోయినా, ఊరివాళ్ల మాట ఒకటి ప్రభుత్వ రికార్డులో మిగిలేది. అది లేనందున రెండు పార్టీల మాటలే మిగిలాయి. చావు వంటి విషయంలో ఊరి అభిప్రాయం పార్టీ జెండా రంగును బట్టి లెక్కకు రావడం నాకు బాధ కలిగిస్తుంది.

పోలీసులున్నారు, విచారణ ఉంది, సాక్ష్యం అక్కడ చెప్పుకోవచ్చు కదా అనేవారుంటారు. ఒంటరిగా స్టేషను మెట్లెక్కి చెప్పలేని మాటను పదిమందితో కలిసి చెప్పగలరనడానికి మన రాష్ట్రంలోనే గట్టి రుజువుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో కలిసి కూర్చున్నారు. ఆ కూర్చున్నచోటే సారా గురించి మాట్లాడుకున్నారు. రోశమ్మ వంటి సామాన్యురాలు ముందు నిలిచిన ఆ ఉద్యమం 1992లో జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం దాని వెనకే వచ్చాయి. సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. నిషేధం మంచిదా కాదా అన్న వాదన నేను ఎత్తుకోవడం లేదు. అప్పటిదాకా ఇంట్లో ఏడ్చిన మనిషి, కూర్చునే చోటు దొరికేసరికి సర్కారు చేతనే నిర్ణయం మార్పించింది.

ఆ తరవాత మద్యం విధానం ఎన్నిసార్లు మారినా వీధిని అడిగినవారు లేరు. 2019 అక్టోబరులో దుకాణాలు సర్కారు చేతికి వచ్చాయి. 2020 మేలో ధరలు 75 శాతం పెరిగాయి. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు వారికి వెళ్లాయి. 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి, ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుం 2 లక్షల రూపాయలు. దుకాణం కోరుకునేవారి కోసం దరఖాస్తు, లాటరీ, గడువు అన్నీ ఏర్పాటయ్యాయి. దుకాణం పక్కన కాపురముండేవారి కోసం ఒక్క సాయంత్రం సమావేశం కూడా ఏర్పాటు కాలేదు. ఈ ఊరి పొగాకు వేలం కేంద్రంలో తన బేలుకు పలికిన ధర నచ్చకపోతే రైతు వద్దనొచ్చు. తన వీధిలోకి వచ్చేదాన్ని ఇక్కడి గృహస్థు వద్దనలేడు. ఇంకో సంగతి ఉంది. ఇక్కడికి దగ్గరలోనే ఉన్న బుట్టాయగూడెం, జీలుగుమిల్లి మండలాలు షెడ్యూల్డు ప్రాంతం. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం ప్రకారం మత్తుపదార్థాల అమ్మకాన్ని నిషేధించే, అదుపు చేసే అధికారం అక్కడి గ్రామసభకు, పంచాయతీకి ఉండాలి. భూమి సేకరించే ముందు వారిని సంప్రదించాలి. కోయ గూడెంలో మనిషికి చట్టం ఇచ్చిన మాట, సంతకీ ఆసుపత్రికీ ఆ గూడెంవాళ్లే వచ్చే పట్నంలో మనిషికి లేదు. గిరిజనులకు ఆ హక్కు ఎందుకని నేననడం లేదు. అది వారికి తప్పకుండా ఉండవలసిందే, కాగితం మీద కాక నిజంగా ఉండవలసింది. పట్నానికి దానిలో పాలు కూడా లేకపోవడమే నా అభ్యంతరం.

అభివృద్ధి పనులు జనాన్ని అడుగుతూ కూర్చుంటే ముందుకు సాగవన్నది పైస్థాయిలో తరచు వినిపించే మాట. జంగారెడ్డిగూడెం పక్కనుంచి వెళ్లే ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ హైవేనే తీసుకుందాం. 162 కిలోమీటర్ల నాలుగు వరసల దారి. హైదరాబాదు, విశాఖల మధ్య దూరం తగ్గుతుంది. ఈ మెట్టప్రాంతపు పంటకు మేలే. దీనికి భూమిని 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద తీసుకున్నారు. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ దానికి వర్తించవు. నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు, అదీ ఆ భూమిలో హక్కున్నవారే. పొలం పోయినవాడికి కనీసం ఆ 21 రోజులున్నాయి. పొలానికి వెళ్లే పుంత కట్టకు అవతలైనవాడికి, తూము ఇరుకై వాననీరు ఇంటిమీదకొచ్చేవాడికి అదీ లేదు. అండర్‌పాస్ ఎక్కడ పెడితే ట్రాక్టరు పోతుందో, వాగు ఏ వైపు పొంగుతుందో సర్వే మ్యాపు కన్నా అక్కడి మనిషికి బాగా తెలుసు. ఆ మాట ముందే విని డిజైనులో చేర్చడానికి పట్టే కాలం కొద్ది వారాలు. వినకుండా కట్టి, తరవాత ధర్నాలు, కోర్టు వాయిదాలు ఎదుర్కోవడానికి పట్టే కాలం ఏళ్లు. కాబట్టి సభ వల్ల ఆలస్యమవుతుందన్న వాదన లెక్కకు నిలవదు.

మరి కౌన్సిలరుంటాడు కదా? ఉంటాడు, ఉండాలి కూడా. కానీ 2011లో నగర పంచాయతీ అయిన ఊరికి ఎన్నికలు జరిగింది 2014లో. ఆ పాలకవర్గం గడువు 2019లో తీరితే మళ్లీ ఓటు వేసింది 2021 మార్చిలో. నడుమ కాలమంతా ప్రత్యేకాధికారుల పాలనే. కౌన్సిలరే లేని ఆ ఏళ్లలో వార్డు మనిషి ఎవరితో చెప్పుకోవాలి? ఓటర్లంతా సభ్యులైన సభ ఎవరి పదవీకాలంతోనూ ముగిసేది కాదు. వార్డు సచివాలయాల సంగతి అడుగుతారేమో. 2019 నుంచి అవి సర్టిఫికెట్లకు, పింఛన్లకు పనికొస్తున్నాయి, ఆ మేలు కాదనను. అయితే అక్కడ మనిషి అర్జీదారుగా ఒక్కడే కౌంటరు ముందు నిలబడతాడు. తన ఇబ్బంది చెప్పుకోగలడు గానీ, మూలధన విలువ మీద ఆస్తిపన్ను వేసే 2021 నాటి పద్ధతి సరైనదా అని పక్కింటివాళ్లతో కలిసి తర్కించలేడు. నియమించిన కొద్దిమంది కూర్చునే కమిటీలూ ఈ పని చెయ్యలేవు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం నా జాతి మీదే ఉంది. గ్రామసభలు మొక్కుబడి తంతులు, పెద్దకులాలవాళ్లూ కాంట్రాక్టర్లూ ముందు వరసలో కూర్చుంటారు, ఆడవాళ్లు వెనక నిలబడి వెళ్లిపోతారు, సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకుంటారు అంటారు. నిజమే. చాలా ఊళ్లలో నాలాంటి పుస్తకాల్లో ఒకే సిరాతో, ఒకే దస్తూరీతో వరసగా నిండిన సంతకాల పేజీలుంటాయి. అయినా ఆ దొంగ పేజీ కూడా ఒక ఆధారమే. సమాచార హక్కు కింద దాని నకలు తీసుకుని, ‘ఈ సంతకం నాది కాదు’ అని ఒకరు నిలబడితే చాలు, తీర్మానం ప్రశ్నార్థకమవుతుంది. పేజీయే లేని పట్నంలో పట్టుకోవడానికి దొంగసంతకం కూడా ఉండదు. తప్పుగా నడిచే సభను సరిదిద్దవచ్చు. లేని సభను సరిదిద్దలేం.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. కేరళ మున్సిపాలిటీ చట్టం లక్ష లోపు జనాభా ఉన్న పట్టణాల్లో ప్రతి వార్డుకూ వార్డు సభ పెట్టింది. ఆ వార్డు ఓటర్లంతా సభ్యులు, కౌన్సిలరు కన్వీనరు. జంగారెడ్డిగూడెం సరిగ్గా ఆ కొలతకు వస్తుంది. మన సరిహద్దు దాటగానే తెలంగాణలో, 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు పెట్టాలంది. అవి సభలు కావు గానీ సత్తుపల్లి మనిషికి ఆ మాత్రమైనా ఉంది. రాజ్యాంగమూ అడ్డు కాదు. వార్డు కమిటీలతోపాటు రాష్ట్రాలు ఇతర కమిటీలు వేసుకోవచ్చని 243-ఎస్ లోని ఐదో క్లాజే చెబుతోంది.

జంగారెడ్డిగూడెం ఓటర్లారా, ఏ జెండాతో వచ్చిన అభ్యర్థినైనా మూడు మాటలు అడగండి. వార్డు ఓటర్లందరితో ఏడాదికి కనీసం రెండు సభలు జరుపుతావా? మద్యం దుకాణం, లేఔటు, రోడ్డు వెడల్పు, పన్ను పెంపు ఆ సభ ముందు పెట్టాకే కౌన్సిల్లో ఓటు వేస్తావా? అక్కడ పడిన తీర్మానం నకలు వార్డు సచివాలయం గోడకు అంటిస్తావా? ఒప్పుకున్నవారి చేత కాగితం మీద రాయించుకుని, తేదీ వేయించి, సంతకం తీసుకోండి.