ఒరిజినల్ సీడీ ఆత్మకథ

12 సెంటీమీటర్ల వ్యాసము గల పాలీకార్బొనేటు పలక నా దేహము. అందులో కంటికి కానరాని గుంటలుగా, నడిమి నుండి అంచు వరకు చుట్లు తిరుగుచు పోవు ఒకే రేఖయందు, ఒక కంప్యూటరు ఆట సమస్తము ఇమిడియున్నది. 2002లో కర్మాగారమున నన్ను అచ్చొత్తినప్పుడు ఆటతోపాటు సేఫ్‌డిస్క్ అను రక్షణ విధానమును కూడ నాలో చేర్చిరి. మాక్రోవిజన్ సంస్థ విక్రయించిన ఆ విధానమున కీలకమెల్ల నా శరీరమున బుద్ధిపూర్వకముగా కల్పించిన దోషములయందే యున్నది. కొన్ని భాగములను చదువరాని విధముగా చెడగొట్టి ముద్రింతురు. ఇంటిలోని సీడీ రైటరుతో నకలు తీయబోవువారికి ఆ దోషములు సులభముగా దిగవు. ఆట మొదలగునప్పుడు సేఫ్‌డిస్క్ వెదకునది వానినే. అవి కనబడినచో నేను అసలుదానను, లేనిచో నకిలీని.

నన్ను కొనినవాడు సికింద్రాబాదు విద్యార్థి. అదే ఆట నకళ్లు కాలిబాటలపై కారుచౌకగా దొరకుచుండగా, చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో, పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి, కోరి ఒరిజినల్ సీడీనే తెచ్చుకొనెను. ఇన్‌స్టాల్ చేసిన పిదప ఆట యంతయు హార్డ్ డిస్కులోనికి చేరినది. ఇక నాతో పనిలేదు. ఐనను ఆడదలచినప్పుడెల్ల నన్ను డ్రైవులో ఉంచక తప్పలేదు. నేను గిరగిర తిరిగి, చెడిన భాగముల యొద్దకు వచ్చి తడబడి, మరల వేగమందుకొను వరకు అతడు తెరవంక చూచుచు కూర్చుండెడివాడు. ఇట్లు ట్రేలోనికి వచ్చిపోవుటలో నా మీద గీతలు పడెను. అందొకటి రానురాను లోతై, ఒక్కొక్కప్పుడు నేనెంత తిరిగినను, సరియైన సీడీని పెట్టుమను సందేశమే తెరపై నిలిచెడిది. అట్టి ఒకనాడు ప్రక్కనున్న మిత్రుడు, రక్షణను ఛేదించిన, అనగా క్రాక్ చేసిన, కాపీని సీడీయే లేకుండ ఆడుకొనుచున్నవాడు, "ఏరా, డబ్బులు పోసి కొన్నావు, నీకే ఈ తిప్పలేమిట్రా?" అని జాలిపడెను. టిక్కెట్టు కొన్నవానిని ప్రతి స్టేషనులోను దింపి సోదాచేయుచు, గోడ దూకి ఎక్కినవానిని పలుకరింపని రైలు వంటిది ఈ రక్షణ.

ఆటను నిర్మించినవారి శ్రమను నేను తేలికచేయను. ఏండ్ల తరబడి చిత్రకారులు, సంగీతజ్ఞులు, ప్రోగ్రామర్లు పడిన కష్టమునకు ప్రతిఫలము రావలెననుట న్యాయమే. నకళ్ల విక్రయము చౌర్యమే. కాని తాళమును విరుచు క్రాక్ ఒకమారు బయటపడిన పిమ్మట ఆ తాళము దొంగకు అడ్డుకాదు. కొన్నవాని ఇంటికి మాత్రమే బిగియుండును. నా ఆక్షేపణ యిదియే.

అంతకన్న పెద్ద కీడు తరువాత తెలిసినది. నన్ను పరీక్షించుటకై సేఫ్‌డిస్క్ విండోస్ అంతర్భాగమున ఒక డ్రైవరును నియోగించెను. దానిలోని లోపము గుండా చొరబాటుదారులు కంప్యూటరుపై సర్వాధికారమును చేజిక్కించుకొనవచ్చునని 2007లో వెల్లడికాగా, ఆ డిసెంబరున మైక్రోసాఫ్ట్ దిద్దుబాటు వెలువరించెను. 2015లో వచ్చిన విండోస్ 10లో ఆ డ్రైవరుకు చోటే లేకపోయెను. ఆ సెప్టెంబరున పాత విండోస్‌లలో సైతము దానిని నిలిపివేసిరి. ఆ నిర్ణయమును నేను తప్పుపట్టను. ఐనను దానితో సేఫ్‌డిస్క్ ముద్ర గల ఆటలెన్నియో ఒక్కసారిగా మూగవోయెను. నేనును వానిలో నొకదానను.

నా తరువాతి తరముల గతియు మేలుగా లేదు. 2008 సెప్టెంబరున ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ విడుదలచేసిన స్పోర్ అను ఆటను సెక్యూరామ్ రక్షణ మూడు యాక్టివేషన్లకు కట్టివేసెను. కంప్యూటరు మార్చినను, విండోస్ మరల వేసికొన్నను లెక్క తరుగును! కొన్నవారు వేలకొలదిగా అమెజాన్‌లో అధమమైన రేటింగు ఇచ్చి నిరసింపగా ఆ పరిమితిని అయిదుకు పెంచిరి; తాళము విరిచిన నకళ్లు మాత్రము విడుదలకు ముందే అంతర్జాలమున విహరించుచుండెను. 2010లో యూబీసాఫ్ట్, అసాసిన్స్ క్రీడ్ 2 ఆడునంతసేపు ఇంటర్నెట్ తెగరాదని నిబంధన పెట్టెను. ఆ మార్చిలో సర్వర్లపై దాడి జరిగినప్పుడు సొమ్మిచ్చి కొన్నవారే ఆడలేక నిలిచిపోయిరి. అదే సంస్థ వారి ది క్రూ అను ఆట సర్వర్లు 2024 మార్చి 31న ఆగిపోగా, ఒంటరిగా ఆడుకొను భాగము సైతము ఎవ్వరికిని దక్కలేదు.

నా యజమాని ఇటీవల నన్ను కొత్త కంప్యూటరులో పెట్టిచూచి, ఆట తెరచుకొనకపోగా ప్రచురణకర్తకు ఉత్తరము వ్రాసెను. ఆ ఆటకు ఇక సహాయము లేదని బదులు వచ్చెను. తాళమును తొలగించు చిన్న ప్యాచ్‌ను తుదకు విడుదలచేసిన సంస్థలు లేకపోలేదు. 2008లో నెలకొనిన గాగ్ వంటి అంగడి పాత ఆటలను తాళము లేకయే అమ్ముచున్నది. నా ఆటకు ఆ భాగ్యము కలుగలేదు. విద్యార్థి దశలో వలదనుకొన్న ఆ క్రాక్‌నే నేడు అతడు వెదకి తెచ్చుకొనవలసివచ్చెను. సొమ్ము చెల్లించిన ధర్మాత్ముని దొంగల గుమ్మమునకు పంపిన వ్యవస్థను ఏ న్యాయము సమర్థింపగలదు? అమ్మినవారు చేయి విడిచిన పిమ్మటను ఆటలు కొన్నవారికి పనిచేయవలెనని కోరుచు ఐరోపా పౌరులు సాగించిన అర్జీపై సంతకములు 2025లో పది లక్షలు దాటినవి. ఆ కోరిక శాసనము కావలెను. తాళము వేసినవారే, అంగడి కట్టివేయుటకు ముందుగా, దానిని తీసిపోవలెను.